క్విస్కిట్‌తో క్వాంటం నేర్చుకోవడం: ఒక బ్యాకెండ్ ప్రోగ్రామర్ సమీక్ష

ముందే చెప్పేస్తాను, పైథాన్ బాగా వచ్చు కాబట్టి క్వాంటం కంప్యూటింగ్ తొందరగా పట్టుబడుతుందని ఎవరైనా అనుకుంటే ఆ లెక్క తప్పు. పైథాన్ వల్ల కలిసొచ్చేది మొదటి సాయంత్రం వరకే. నేను పేమెంట్ల వైపు బ్యాకెండ్ పని చేస్తాను, ఫిజిక్స్ ఇంటర్ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. క్వాంటం కంప్యూటర్లకు పైథాన్‌లో ప్రోగ్రాములు రాసే ఐబీఎం వాళ్ల టూల్‌కిట్ క్విస్కిట్‌ని మాత్రం ఆఫీసయ్యాక, శనాదివారాల్లో, రెండేళ్లకు పైగా వాడుతున్నాను.

మొదలుపెట్టడం చాలా తేలిక. ఇన్‌స్టాల్ చేసి, రెండు క్యూబిట్ల (క్వాంటం బిట్ల) మీద ఒక హడమార్డ్ గేటు (క్యూబిట్‌ని 0, 1 కలిసిన స్థితిలో పెట్టేది), ఒక సీనాట్ గేటు (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది) పెట్టి రన్ చేస్తే దాదాపు సగం సార్లు 00, సగం సార్లు 11 వస్తాయి. రెండు క్యూబిట్లూ ఇలా ముడిపడిన ఈ స్థితినే బెల్ స్టేట్ అంటారు, కోడ్ పది లైన్లు కూడా ఉండదు. చాలామంది ఇక్కడే ఆగి లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టేస్తారు. అక్కడ అసలేం జరిగిందో తెలియాలంటే మాత్రం ఇంటర్‌లో పరీక్ష కోసం చదివి వదిలేసిన మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు మళ్లీ తీయాల్సిందే. ష్రోడింగర్ పిల్లి బతికుందా చచ్చిందా అనే కథలతో పనిలేదు. వెక్టర్లు, మాత్రికల గుణకారం, టెన్సర్ ప్రొడక్ట్, ఈ మూడూ కాగితం మీద చేతితో చేయగలిగితే సగం భయం పోతుంది. ఇందుకోసం జాన్ వాట్రస్ ఐబీఎం తరఫున చెప్పిన పాఠాలు ఉచితంగా ఉన్నాయి, నేను చూసినవాటిలో అంత ఓపికగా చెప్పినవి ఇంకోటి లేవు.

మన అలవాట్లు కొన్ని ఇక్కడ అస్సలు పనిచేయవు. మధ్యలో ప్రింట్ పెట్టి విలువ చూద్దామంటే, చూడగానే ఆ స్థితి పోతుంది. తెలియని క్యూబిట్‌ని కాపీ చేసి పక్కన పెట్టుకుందామంటే అది గణితపరంగానే కుదరదు. సిమ్యులేటర్లో (మామూలు కంప్యూటర్ మీద క్వాంటం మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) స్టేట్‌వెక్టర్, అంటే క్యూబిట్ల పూర్తి స్థితిని చెప్పే సంఖ్యల జాబితా, తీసి చూడొచ్చు, కానీ అసలు మెషీన్ మీద ఆ సౌకర్యం ఉండదు. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది వెతకడానికి వాడే గ్రోవర్ అల్గారిథమ్. మూడు క్యూబిట్లతో ఎనిమిదింట్లో ఒకదాన్ని వెతుకుతుంటే, దాని స్టెప్పుని ఒకసారి తిప్పితే సరైన జవాబు వచ్చే అవకాశం 78 శాతం, రెండుసార్లు తిప్పితే 94 దాటుతుంది. ఇంకోసారి తిప్పితే బాగుంటుందని తిప్పారో, 33కి పడిపోతుంది. మన సర్వీసుల్లో రీట్రై కొడితే పని అవుతుంది, ఇక్కడ ఎక్కడ ఆపాలో తెలియడమే పని.

చిరాకులు కూడా ఉన్నాయి. క్విస్కిట్‌లో సున్నా నంబరు క్యూబిట్ కుడి చివర ఉంటుంది, చాలా పుస్తకాల్లో ఎడమ వైపు ఉంటుంది, అందుకే సీనాట్ మాత్రిక కూడా పుస్తకంలో ఉన్నట్టు కనపడదు. ఇది ముందే తెలియకపోతే ఓ రాత్రంతా జుట్టు పీక్కోవచ్చు. 2024 ఫిబ్రవరిలో 1.0 వెర్షన్ వచ్చినప్పుడు సర్క్యూట్‌ని (గేట్ల వరుసని) రన్ చేసే ఎగ్జిక్యూట్ ఫంక్షన్ తీసేశారు, ఏర్ సిమ్యులేటర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అంతకుముందు చేసిన వీడియోల్లో చాలావాటి కోడ్ ఇంపోర్ట్ లైన్ దగ్గరే ఆగిపోతుంది. ఏఐని అడిగినా తరచూ ఆ పాత కోడే రాసిస్తుంది. కాబట్టి ఏ ట్యుటోరియల్‌కైనా ముందు తేదీ చూడండి.

అసలు మెషీన్ సంగతికొస్తే, ఉచిత ప్లాన్‌లో 28 రోజులకు 10 నిమిషాలు ఇస్తారు. వినడానికి తక్కువే కానీ చిన్న సర్క్యూట్లకు సెకన్లే పడుతుంది కాబట్టి నేర్చుకోవడానికి సరిపోతుంది, క్యూలో మాత్రం ఓపిక పట్టాలి. అదే బెల్ స్టేట్‌ని రన్ చేస్తే, సిమ్యులేటర్లో ఎప్పుడూ కనిపించని 01, 10 ఇక్కడ కొన్ని వస్తాయి. అదే నాయిజ్, అంటే మెషీన్‌లో వచ్చే తప్పులు. చిప్‌లో ప్రతి క్యూబిట్ పక్కన ప్రతి క్యూబిట్ ఉండదు కాబట్టి, దూరంగా ఉన్నవాటిని కలపాలంటే ట్రాన్స్‌పైలర్ (మన సర్క్యూట్‌ని ఆ చిప్‌కి తగ్గట్టు మార్చేది) మధ్యలో స్వాప్‌లు, అంటే రెండు క్యూబిట్ల స్థితుల్ని తారుమారు చేసే గేట్లు, పెడుతుంది, ఒక్కో స్వాప్‌కి మూడు సీనాట్లు. మనం రాసిన చిన్న సర్క్యూట్ ట్రాన్స్‌పైల్ అయ్యాక ఎంత పొడుగైందో చూస్తే గుండె ఆగుతుంది. నన్నడిగితే క్విస్కిట్‌లో నిజంగా డబ్బు పెట్టి కొనదగ్గ పాఠం ఇదే, అదీ ఉచితంగా వస్తోంది. లాప్‌టాప్ మీద ఎంతవరకు అంటారా, 30 క్యూబిట్ల స్టేట్‌వెక్టర్‌కి 16 జీబీ మెమరీ కావాలి, ఆపైన ఒక్కో క్యూబిట్‌కీ రెట్టింపు.

అమరావతి క్వాంటం వ్యాలీకి 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం క్వాంటం కంప్యూటర్ సిస్టమ్ టూ వస్తుందని 2025లో ప్రకటించాక, తెలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "నేర్చుకుంటే జాబ్ వస్తుందా?" అల్గారిథమ్‌ల పరిశోధన వైపు ఎక్కువగా పీహెచ్‌డీ అడుగుతారు, సర్టిఫికెట్ చూపించి అక్కడికి వెళ్లడం కష్టం. ప్రోగ్రామర్లకు దారి కంపైలర్లు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్, క్లౌడ్ వైపు ఉంది. క్విస్కిట్ లోపలి భాగం చాలావరకు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే రాస్తున్నారు, ఓపెన్ సోర్స్ కూడా, కాబట్టి రస్ట్ వచ్చినవాళ్లు గిట్‌హబ్‌లోకి వెళ్లి చూడొచ్చు.

నాకు మాత్రం ఇది పనికొచ్చింది అనుకోని చోట. పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే షోర్ అనే క్వాంటం అల్గారిథమ్ ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌ని ఎందుకు విరగ్గొడుతుందో, ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్‌కి అంత ప్రమాదం ఎందుకు లేదో అర్థమయ్యాక, 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన పోస్ట్ క్వాంటం (క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే ఎన్‌క్రిప్షన్) ప్రమాణాలు చదవడం తేలికైంది. ఇప్పుడు మా టీమ్‌లో ఏ సర్వీసు ఏ కీ వాడుతోంది, ఏది ముందు మార్చాలి అనే జాబితా నేనే చూసుకుంటున్నాను.