సెన్సర్ మార్చామని డబ్బులు తీసుకుని పాతదే తుడిచి పెట్టారు, శ్రీకాకుళంలో కారు ఏసీ చేయించుకునేవాళ్లు జాగ్రత్త

ఇది రాద్దామా వద్దా అని వారం రోజులు ఊగిసలాడాను, మోసపోయామని నలుగురికీ చెప్పుకోడం కూడా సిగ్గే కదా. కానీ మొన్న మా తోడల్లుడు కూడా సరిగ్గా అదే షాపుకి బయల్దేరుతుంటే ఆపాల్సి వచ్చింది, అందుకే రాస్తున్నా. షాపు పేరు రాయను, ఊరు శ్రీకాకుళం, అంతే.

మాది 2017 పెట్రోల్ బండి, చిన్నదే. మే నెల ఎండల్లో రణస్థలం నుంచి వస్తున్నాం, చిలకపాలెం దాటేసరికి ఏసీలోంచి వేడి గాలి మొదలైంది. వెనకాల అమ్మ, ఇద్దరు పిల్లలు, అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. బ్లోయర్ బాగానే తిరుగుతోంది, ఏసీ బటన్ నొక్కితే కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) పడే టక్ మన్న చప్పుడు మాత్రం లేదు, ముందు రేడియేటర్ ఫ్యాన్ చూస్తే ఆగకుండా హోరుమని తిరుగుతోంది.

మర్నాడు షాపుకి తీసుకెళ్లాను. కుర్రాడు బానెట్ ఎత్తాడు, గ్యాస్ ప్రెజర్ చూసే గేజ్ పెట్టలేదు, బండి కంప్యూటర్ ఏమంటోందో చదివే స్కానర్ పెట్టలేదు, రెండు నిమిషాలు లోపలికి తొంగి చూసి "ప్రెజర్ సెన్సర్ పోయింది సార్, వైజాగ్ నుంచి తెప్పించాలి" అన్నాడు. గ్యాస్ ప్రెజర్ ఎంతుందో బండి కంప్యూటర్‌కి చెప్పేది అది. సెన్సర్ 3,400, దాన్ని మార్చాలంటే గ్యాస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాలి కాబట్టి గ్యాస్ 1,800, ఆయిల్ 500, లేబర్ 900. బేరమాడితే వంద తగ్గించాడు, అదో ఆనందం నాకు. బండి అక్కడే వదిలేసి మర్నాడు సాయంత్రం వెళ్తే అయిపోయిందన్నారు. పాత సెన్సర్ ఏది బాబూ అనడిగితే "అది రిటర్న్ పంపాలి సార్, ఎక్స్‌చేంజ్ రేటు మీకు" అన్నాడు. అదిగో, అక్కడే నాకు వెలగాలి. వెలగలేదు. 6,500 ఫోన్‌లో కొట్టేసి వచ్చేశాను, బిల్లు అంటే చిత్తు కాగితం మీద నాలుగు అంకెలు వేసిచ్చాడు.

పదకొండు రోజులు నడిచింది. నడిచింది అంటే, రోడ్డు మీద పోతున్నంతసేపు పర్లేదు, డే అండ్ నైట్ జంక్షన్లో ఐదు నిమిషాలు ఆగామా మళ్లీ గోరువెచ్చగా అయిపోయేది. కొత్త గ్యాస్ కదా సర్దుకుంటుందిలే అనుకున్నా (ఏటి సర్దుకోడం, గ్యాస్ ఏమైనా కొత్త చెప్పులా). తర్వాత ఒక సాయంత్రం గాలివాన పడింది, పొద్దున్న స్టార్ట్ చేస్తే మళ్లీ అదే కథ, కంప్రెసర్ పడదు, ఫ్యాన్ ఆగదు.

షాపుకి ఫోన్ చేస్తే "ఈసారి కంప్రెసరే సార్, ఇరవై రెండు వేలవుతుంది" అన్నాడు. కనీసం బండి చూడకుండా.

ఆ వారం విజయనగరం వెళ్లే పనుంది. అక్కడ మా బావగారు తనకి తెలిసిన ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లారు, షెడ్డు చిన్నది, బోర్డు అక్షరాలు సగం చెరిగిపోయున్నాయి, కానీ పని చూస్తే నోరెళ్లబెట్టాను. ముందు ఇంజన్ ఆపేసి, బండి చల్లారేదాకా కూర్చోమన్నాడు. తర్వాత రెండు గొట్టాల గేజ్ తగిలించి చూపించాడు, రెండు ముళ్లూ వంద దగ్గర ఉన్నాయి. "గ్యాస్ ఉంది బాబూ, లేదని ఎవరు సెప్పినా నమ్మకు" అన్నాడు. ఈ బళ్లలో ఉండే ఆర్134ఏ గ్యాస్ ముప్పై డిగ్రీల ఎండలో నిలబడి ఉంటే 95-100 పిఎస్ఐ (ప్రెజర్ కొలత) చూపిస్తుందట, అయితే అది గ్యాస్ ఉందని చెప్తుందే గానీ ఎంతుందో చెప్పదు, అదింకో లెక్క. తర్వాత స్కానర్ పెడితే బండి కంప్యూటర్ మాత్రం ప్రెజర్ సున్నా అంటోంది. గేజ్ వంద అంటోంది, కంప్యూటర్ సున్నా అంటోంది, మధ్యలో ఎవరో అబద్ధమాడుతున్నారు. గ్యాస్ లేకుండా కంప్రెసర్ తిరిగితే ఎండిపోయి పాడవుతుంది కాబట్టి ప్రెజర్ సున్నా అని కనపడితే కంప్యూటర్ దాన్ని పడనివ్వదు, అంటే అది దాని పని అది సరిగ్గానే చేస్తోంది పాపం.

ఆ సెన్సర్ బండి ముందు కండెన్సర్ (రేడియేటర్ లాంటి ఏసీ జాలీ) పక్కన సన్న గొట్టం మీద ఉంటుంది, బొటనవేలంత. మూడు వైర్లు, ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి రీడింగ్ తీసుకెళ్లేది. కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 5 వోల్టులు వచ్చాయి. వైరు కొంచెం కదిపాడు, పోయాయి. మళ్లీ కదిపితే వచ్చాయి. జానెడు వెనక్కి వెళ్లి చూస్తే నల్ల టేపు చుట్టుంది, ఊడదీస్తే లోపల ఎలుక కొరికిన వైరు, రెండు కొసలూ వేళ్లతో మెలేసి వదిలేశారు, సోల్డరింగ్ లేదు, వాన నీళ్లు దిగి అప్పుడే పచ్చగా చిలుం పట్టేసింది.

అంటే మొదటి షాపు వాడికి అసలు జబ్బు ఎలుకని ఆరోజే తెలుసు. టేపు చుట్టి పంపించేశాడు.

మరి సెన్సరో? ముసలాయన గుడ్డతో తుడిచి చూపించాడు, దాని ఒంటి మీద చెక్కిన తేదీ ఉంది, 2017 జూన్. నా బండి కొన్నది 2017 ఆగస్టు. కంపెనీ నుంచి బండితో పాటు వచ్చిన సెన్సరే అది! పెట్రోల్‌తో కడిగి మెరిసేలా చేసి 3,400 తీసుకున్నారు.

ఇంకోటి చెప్తే ఒళ్లు మండిపోయింది. నా బండిలో సెన్సర్ కింద టైరు వాల్వులో ఉండే పిన్ను లాంటిదే ఉందట, సెన్సర్ విప్పగానే అది మూసుకుంటుంది, కొంచెం బుస్ మంటుంది అంతే, గ్యాస్ తీయక్కర్లేదు, కొత్త ఓరింగ్ (రబ్బరు రింగు) వేసి బిగించడమే. అన్ని బళ్లకీ ఈ వాల్వు ఉండదు, లేనివాటికి నిజంగానే గ్యాస్ తీయాలి, కాబట్టి మీ బండిది ఏదో ముందే కనుక్కోండి. నా దాంట్లో ఉన్న గ్యాస్ మీద ఇంకొంచెం గ్యాస్ ఎక్కించేశారు. బానెట్ కింద స్టిక్కర్ మీద 420 గ్రాములని రాసుంది, మెషిన్‌తో తీసి తూకం వేస్తే 560 వచ్చింది. జంక్షన్లో ఆగితే చల్లదనం పోయేది దీనివల్లే, గ్యాస్ ఎక్కువైనా హై సైడ్, అంటే కంప్రెసర్ నొక్కి పంపే వైపు, ప్రెజర్ పెరిగిపోయి ఏసీ చేతులెత్తేస్తుందట.

వైరు సోల్డర్ చేసి పైన స్లీవ్ వేసినందుకు 350, గ్యాస్ తీసి సరిగ్గా 420 ఎక్కించినందుకు 1,500. ఆ 2017 సెన్సరే ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది.

కాబట్టి మీ బండి ఇలా అయితే, గేజ్ ముల్లు, స్కానర్ నంబరు రెండూ మీ కళ్లతో చూడకుండా సెన్సర్ మార్చమనకండి. కొత్తది పెట్టేముందు పెట్టె మీ ఎదురుగా విప్పమనండి, పాతది చేతిలో పెట్టమనండి, ఇలాంటి చిన్న సామానుకి రిటర్న్ ఎక్స్‌చేంజ్ అంటే నేనైతే ఇక నమ్మను. ప్రతి వేసవికీ గ్యాస్ "అయిపోయింది" అనేవాళ్లు కూడా ఉన్నారు, అది పెట్రోల్ కాదు ఖర్చయిపోడానికి, బాగా తగ్గిందంటే ఎక్కడో లీకుందని, ముందు అది వెతకమనండి. జీఎస్టీ బిల్లు ముందే అడగండి. నాకు బిల్లు లేక ఇప్పుడు చిత్తు కాగితం, ఫోన్ పేమెంట్ స్క్రీన్‌షాట్, సెన్సర్ మీద తేదీ ఫోటో పట్టుకుని తిరుగుతున్నా.

శుక్రవారం షాపుకి వెళ్లి ఫోటో చూపించాను. ఓనరు "ఏసీ వచ్చింది కదండీ, ఇంకేటి మీ బాధ" అన్నాడు. 1915కి, అదే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తానన్నాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదని చెప్పి వచ్చేశాను. నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేశాడు, రెండు వేలు ఇస్తానండి, ఎవరికీ చెప్పకండి అని. సెన్సర్ డబ్బులు 3,400 మొత్తం కావాలన్నాను. ఆలోచించుకుని చెప్తానన్నాడు, ఇంకా ఆలోచిస్తున్నాడు.