గట్టిమేళానికి ఫేడ్ వద్దు: ఏడేళ్ల వాడకం తర్వాత

కావలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. వీడియోకి ప్రీమియర్ ప్రో, పాటలకి ఆడాసిటీ. ఈ ఏడేళ్లలో నేను ఎక్కువగా వాడిందీ, ఎక్కువగా చెడగొట్టిందీ శబ్దాన్నీ బొమ్మనూ మెల్లగా తెచ్చే, మెల్లగా తగ్గించే ఫేడ్‌నే.

మొదట్లో కట్ కుదరని ప్రతిచోటా క్రాస్ డిజాల్వ్ (ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి రావడం) వేసేసేవాణ్ణి. ఒక పెళ్లి వీడియోలో మంగళసూత్రధారణ దగ్గర మేళానికి మూడు సెకన్ల ఫేడ్ ఇన్ పెట్టాను. పెళ్లికూతురి మేనమామ చూసి, "ఏందబ్బయా, తాళి మనింట్లో కడతంటే డోలు పక్కవీధిలో మోగతా ఉంది?" అన్నాడు. ఆ రోజు నుంచి అక్కడ డోలు మొదటి దెబ్బ మీదే కట్. టప్పుమనకుండా దెబ్బకు ముందు ఒక్క ఫ్రేము ఫేడ్ చాలు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 40 మిల్లీసెకన్లు.

ప్రీమియర్‌లో ఆడియో క్రాస్‌ఫేడ్‌లు (ఒక పాట తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) మూడు రకాలున్నాయి. రెండు వేరే పాటలు కలిపేటప్పుడు కాన్‌స్టెంట్ గెయిన్ వేస్తే మధ్యలో శబ్దంలో 3 డెసిబెల్స్ దాకా గుంట పడుతుంది, కాన్‌స్టెంట్ పవర్ దాన్ని పూడుస్తుంది. అదే పాటను తాళం తప్పకుండా దానిమీదే అతికిస్తే మాత్రం పవర్‌తో శబ్దం ఉబ్బుతుంది, గెయినే నయం. ఇది తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. మూడోదైన ఎక్స్‌పొనెన్షియల్ నాకు పెద్దగా పనిపడలేదు.

అప్పగింతలకి ఆడాసిటీలోని స్టూడియో ఫేడ్ ఔట్‌ను మించింది నాకు దొరకలేదు. మామూలు ఫేడ్ ఔట్ ఒకే వాలులో దిగిపోతుంది. ఇది మెల్లగా మొదలై, దిగేకొద్దీ పాటలోని పదునును కూడా తగ్గిస్తుంది. కారు వీధి మలుపు తిరిగాక పాట వినిపించినట్టే ఉంటుంది. ఎనిమిది సెకన్లు ఇస్తాను. ఒకటే జాగ్రత్త, ఈ ఎఫెక్ట్ శబ్దాన్నే మార్చేస్తుంది కాబట్టి అసలు పాట కాపీ విడిగా ఉంచుకోవాలి. ఒకసారి ఉంచుకోలేదు, రాత్రంతా టెన్షన్.

డిజాల్వ్‌కి క్లిప్పు చివర మిగులు ఉండాలి. లేకపోతే ఆఖరి ఫ్రేమే సాగి, తలంబ్రాలు గాల్లో ఆగిపోతాయి. అందుకే మా కెమెరా కుర్రాడికి తంతు అయ్యాక ఇంకో రెండు సెకన్లు ఆపొద్దని చెప్పాను. నల్లతెరకి పోయే ఫేడ్‌ను మాత్రం ఒక సెకను దాటనివ్వను. దాటితే ముసలాళ్లు కరెంటు పోయిందని రిమోట్ వెతుక్కుంటున్నారు.

ఇప్పుడు అందరూ చూసేది ఫోన్‌లోనే. హెడ్‌ఫోన్స్‌లో చక్కగా కరిగిన ఎనిమిది సెకన్ల ఫేడ్ ఫోన్ స్పీకర్‌లో ఐదో సెకనుకే అయిపోయినట్టుంటుంది. అందుకే ఇవ్వబోయే ముందు నా పాత ఫోన్‌లో ఒకసారి పెట్టి వింటాను.