మెడ పట్టేస్తే ఏది మేలు: సూదా, బొటనవేలా?

మెడ దిగి భుజం మొదలయ్యే చోట, కుడివైపు, నాకొక ముడి ఉంది. పన్నెండేళ్లుగా తెర ముందు మెడ వంచి ప్రూఫులు దిద్దడం వల్ల మిగిలిన ఆస్తి అది. వేలితో నొక్కితే నొప్పి అక్కడే ఆగదు, మెడ పక్కనుంచి పాకి చెవి వెనకగా కణత దాకా వస్తుంది. ఫిజియోథెరపిస్టులు దాన్ని ట్రిగ్గర్ పాయింట్ అంటారు. మా అమ్మ నరం పట్టింది అంటుంది. నిజానికి పట్టేది కండరం, పేరు మాత్రం ఎప్పుడూ నరానికే!

దీనికి నాలుగు దారులున్నాయని విన్నాను. వేళ్లతో నొక్కించుకోవడం, డ్రై నీడ్లింగ్, మందు ఎక్కించే ఇంజెక్షన్, ఆక్యుపంక్చర్. మొదటి రెండూ నా ఒంటి మీదే చూశాను.

డ్రై అన్నది సూదిలో మందు ఉండదని చెప్పడానికి. ఆ సూది అసలు బోలుగానే ఉండదు, సన్నటి ఉక్కు తీగ. మందం మిల్లీమీటరులో పావు వంతు నుంచి 0.3 దాకా ఉంటుంది. మామూలు ఇంజెక్షన్ సూది దానికి రెట్టింపు లావు. ఫిజియోథెరపిస్టు నా కండరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మడతలా పట్టి పైకి లాగారు. కింద ఊపిరితిత్తి ఉంది కాబట్టి ఆ జాగ్రత్త. చిన్న ప్లాస్టిక్ గొట్టంలోంచి సూదిని టక్కున తట్టి దింపారు. చర్మం దాటడం తెలియనే లేదు. లోపల ముడిని తాకగానే మాత్రం గాలానికి చేప తగిలినట్టు కండరం దానంతటదే ఎగిరిపడింది, కణత జివ్వుమంది. సూదిని పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఆడించారు. అంతా కలిపి అర నిమిషం.

సాయంత్రానికి తల పూర్తిగా తిప్పగలిగాను. మర్నాడు మాత్రం అక్కడ ఎవరో గుద్దినట్టు సలుపు, పప్పు కుక్కర్ దించడానికి ఎడమచేయి వాడాల్సి వచ్చింది. ఈ సలుపు చాలామందికి మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఇక ఇంజెక్షన్. డ్రై నీడ్లింగ్ పుట్టింది దాని కడుపులోంచే. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్ ఇలాంటి ముడుల్లోకి ప్రొకేన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కించేవారు. పని చేస్తున్నది మందా, సూదా అన్న సందేహాన్ని 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ పట్టుకున్నారు. సూది సరిగ్గా నొప్పి బిందువును తాకినప్పుడు 86.8 శాతం సందర్భాల్లో నొప్పి వెంటనే తగ్గిందని రాశారు. పోల్చి చూడటానికి సూది వేయని రోగుల జట్టు అందులో లేదు కాబట్టి ఆ అంకెకు మురిసిపోనక్కర్లేదు. 1994లో హాంగ్ అనే వైద్యుడు ఇదే మెడ కండరం మీద మందు సూదినీ ఉత్త సూదినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఉపశమనం ఇంచుమించు సమానం, కానీ ఉత్త సూది వేయించుకున్న అందరికీ కొన్ని గంటల్లో సలుపు వచ్చింది. లిడోకేన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కించిన వాళ్లలో అది 42 శాతానికే. కాబట్టి మర్నాటి సలుపును భరించలేని వారికి ఇంజెక్షన్ నయం. అది డాక్టరు చేతిమీదుగానే జరగాలి, ఆ మందు పడనివాళ్లూ ఉంటారు.

ఆక్యుపంక్చర్ సూది కూడా ఇదే సూది. పటం వేరు, అంతే. వాళ్లు చైనా వైద్యం చెప్పే శక్తి మార్గాలను బట్టి గుచ్చి, సాధారణంగా ఇరవై ముప్పై నిమిషాలు ఉంచుతారు. అయితే వాళ్లలోనూ ‘ఆషి’ బిందువులని ఉన్నాయి. నొక్కినప్పుడు రోగి ‘అబ్బా, అక్కడే!’ అనే చోటే ఆషి. ఇంతకూ గొడవంతా పేరు గురించేమో అనిపిస్తుంది నాకు.

బొటనవేలి సంగతికి వస్తే, నా ఓటు ముందు దానికే. ముడి మీద భరించగలిగేంత గట్టిగా నొక్కి, నొప్పి కరిగేదాకా అర నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం ఆగాలి. వేలు అందకపోతే గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఒరగాలి. ఖర్చు లేదు, ఊపిరితిత్తి భయం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? పిరుదు లోతుల్లోనో, వెన్ను పక్కనో ఉన్న కండరాలకు మాత్రం వేలి బలం చాలదు, సూదిదే పైచేయి. అలాగే మూడు నాలుగు వారాలు నొక్కుడూ వ్యాయామమూ చేసినా మెడ తిరగకపోతే నేనైనా సూదికే వెళతాను.

సూది సాయం ఎంతకాలం అన్నది అసలు ప్రశ్న. పరిశోధనలన్నీ కలిపి చూస్తే తొలి వారాల ఉపశమనానికి ఆధారం ఉంది. నెలల తర్వాత మిగతా ఫిజియోథెరపీ కంటే మెరుగని చెప్పగలిగిన ఆధారం బలహీనం. నాకు పది రోజులు హాయిగా గడిచింది. ఆ పది రోజుల్లో వ్యాయామం మొదలుపెట్టకుండా పాత కుర్చీలో పాత వంపుతోనే కూర్చున్నాను, పదకొండో రోజు ముడి తిరిగొచ్చింది.

రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. సూది పొట్లం మన కళ్లముందే విప్పాలి. వీపు పైభాగంలో వేయించుకున్నాక ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆస్పత్రికి వెళ్లాలి, ఊపిరితిత్తికి గుచ్చుకోవడం అరుదే అయినా ఉన్నదే. చేతికి తిమ్మిరి పాకినా, పట్టు సడలినా అది ముడి పని కాకపోవచ్చు. నడిస్తే ఎడమ జబ్బ లాగి చెమటలు పడితే వెళ్లాల్సింది గుండె డాక్టరు దగ్గరికి.

ఇప్పుడు వంటింటి కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టుకుని, పాలు కాగేలోపు పదిహేనుసార్లు వెనక్కి లాగుతున్నాను. ముడి ఇంకా ఉంది, కణత దాకా మాత్రం రావడం లేదు.