సోనీ డిజిటల్8 హ్యాండీక్యామ్: షట్టర్ వేగాలు, ఎఫెక్టుల పనితీరు

సోనీ 1999లో తెచ్చిన, చేత్తో పట్టుకునే వీడియో కెమెరాలైన డిజిటల్8 హ్యాండీక్యామ్‌లు హై8 క్యాసెట్ (అంతకుముందు అనలాగ్ వీడియోకు వాడిన 8 మి.మీ. టేపు) మీదే డిజిటల్ వీడియోను రికార్డు చేస్తాయి. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికి వీటిని ఇప్పటికీ వెతికి కొనేవారున్నారు. అలా కొన్నవారు ఆ ఒక్క పనితో కెమెరాను పక్కన పెట్టేయకుండా, మెనూలో ఉన్న షట్టర్ (ఒక్కో బొమ్మకు వెలుతురు ఎంతసేపు తీసుకోవాలో నిర్ణయించేది), ఎఫెక్టుల సదుపాయాలను కూడా వాడి చూడాలని కోరుతున్నాను.

సెపియా, నెగెటివ్, పేస్టెల్, మొజాయిక్ వంటి పిక్చర్ ఎఫెక్టులు బొమ్మకు పైపైన రంగో రూపమో మార్చేవే కనుక వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అసలు విలువ డిజిటల్ ఎఫెక్టుల్లోని స్లో షట్టర్‌ది. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో వీడియో సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది; ఈ ఎఫెక్టు షట్టర్‌ను 1/25, 1/12, 1/6, 1/3 సెకను అనే నాలుగు మెట్లలో నెమ్మదింపజేస్తుంది. దీపావళి రాత్రి పిల్లలు కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పుతున్నప్పుడు మామూలు షట్టర్‌కు చిన్న నిప్పుగీత మాత్రమే దొరికితే, 1/6 దగ్గర ఆ గీత సాగి వెలుగు వలయంగా మారుతుంది, చీకట్లో కలిసిపోయిన ముఖాలు కూడా తేటపడతాయి. 1/3 దగ్గర మాత్రం సెకనుకు మూడు కొత్త బొమ్మలే ఏర్పడటం వల్ల కదిలే మనుషులు అలుక్కుపోతారు. నా దృష్టిలో 1/6 దాటవలసిన అవసరం అరుదు. స్లో షట్టర్‌లో ఆటోఫోకస్ సరిగా పనిచేయకపోవచ్చని, ట్రైపాడ్ మీద పెట్టి చేత్తో ఫోకస్ చేసుకోమని కంపెనీ మాన్యువలే చెబుతుంది. ఆ మాట తప్పక పాటించాలి.

వేగవంతమైన షట్టర్ కావాలంటే ప్రోగ్రామ్ ఏఈలో (సందర్భానికి తగ్గట్టు కెమెరాయే షట్టర్, వెలుతురు సర్దుకునే సదుపాయం) స్పోర్ట్స్ లెసన్ ఎంచుకోవాలి. ఎండలో కోలాటం తీస్తే కర్రలు తగిలే క్షణంలో ఫ్రేమును ఆపి చూసినా అంచులు స్పష్టంగా ఉంటాయి. అయితే షట్టర్ 1/50 నుంచి 1/500కు మారితే సెన్సర్‌కు చేరే వెలుతురు పదో వంతుకు పడిపోతుంది కనుక, సాయంత్రం వేళ దీన్ని వాడటం నేను సిఫారసు చేయను. ఫంక్షన్ హాళ్లలో మరో చిక్కు ఉంది: 50 హెర్ట్జ్ కరెంటు మీద చోక్‌తో వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, 1/50, 1/100 షట్టర్లు ఆ లయకు సరిపోతాయి కానీ, అంతకంటే వేగం పెంచితే వీడియో మినుకుమినుకుమంటుంది, రంగులూ మారతాయి.

ఓల్డ్ మూవీ ఎఫెక్టు చక్కని ఆలోచన. సెపియా రంగు, వైడ్ ఆకారం, తగిన షట్టర్ వేగం మూడింటినీ కెమెరాయే ఒక్కసారిగా అమర్చుతుంది. కదిలే వస్తువు వెనుక నీడలా జాడ వదిలే ట్రెయిల్ కూడా నాట్యానికి బాగా నప్పుతుంది.

అయినా రికార్డింగ్ సమయంలో వేసిన ఎఫెక్టు టేపు మీద శాశ్వతంగా ఉండిపోతుందని గుర్తుంచుకోవాలి. షట్టర్ వేగాన్ని వీడియో తీసేటప్పుడే నిర్ణయించుకోక తప్పదు. సెపియా వంటివైతే టేపును ప్లే చేసేటప్పుడు కూడా వేసుకోవచ్చు. అలా వేసిన ఎఫెక్టు డీవీ (డిజిటల్ వీడియో) కేబుల్ ద్వారా బయటికి రాదు కాబట్టి, దాన్ని కాపీ చేసుకోదలచినవారు ఏవీ (అనలాగ్ ఆడియో, వీడియో) కేబుల్‌తో మరో రికార్డర్‌కు కలపాలి.