గర్భసంచి ఆపరేషన్ తర్వాత లోపలి కరెంటు, డైలేటర్: రెండేళ్లు దాటాక నా అనుభవం

గర్భసంచి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక "కరెంటు పెట్టాలి" (అంటే రేడియేషన్ ఇవ్వాలి) అని డాక్టర్ చెప్పినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాది ఒకటో స్టేజే. గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు అన్నీ తీసేశారు. కానీ గడ్డ గర్భసంచి కండరంలో సగానికి పైగా దిగిందని బయాప్సీలో వచ్చింది, పైగా వయసు అరవై దాటింది. అందుకని బ్రేకీథెరపీ, అంటే లోపలి నుంచి పెట్టే కరెంటు, రాశారు.

కరెంటు అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. మా తోడికోడలికి రొమ్ముకి వారాల తరబడి పెట్టారు, అదే గుర్తొచ్చింది. ఇది వేరు. యోనిలో నున్నటి సిలిండర్ పెడతారు. వైరు చివర ఉన్న ఇరిడియం గింజను (రేడియేషన్ వచ్చేది దీన్నుంచే) మిషన్ అందులోకి పంపి, కొద్ది నిమిషాలకు వెనక్కి లాగేసుకుంటుంది. జబ్బు తిరిగొస్తే ఎక్కువగా కుట్లు వేసిన ఆ పైకొసనే వస్తుందట, అందుకే కరెంటు అక్కడికే. ఏడు గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 3 సిట్టింగులు చాలామందికి రాస్తారు. మత్తు ఇవ్వలేదు. నొప్పి కంటే సిగ్గే ఎక్కువ. మనవరాలిని ఎత్తుకోవచ్చా అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. గింజ మిషన్‌లోకి వెళ్లిపోయాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు.

బయటి నుంచి పెడితే ఇంకా గట్టిగా పనిచేస్తుందేమోనని మా అబ్బాయి అనుమానం. నెదర్లాండ్స్‌లో 427 మంది ఆడవాళ్ల మీద చేసిన పోర్టెక్-2 పరిశోధన 2010లో అచ్చయింది. యోనిలో జబ్బు తిరిగి రావడం ఐదేళ్లలో లోపలి కరెంటుతో 1.8 శాతం, బయటి కరెంటుతో 1.6 శాతం. అంటే తేడా లేనట్టే. విరేచనాల బాధ మాత్రం లోపలి దానితో చాలా తక్కువ. నాకు కొన్నాళ్లు మూత్రం మంట, అంతే.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. కరెంటు పడ్డ చోట యోని ఎండిపోయి, గోడలు అతుక్కుని ఇరుకవుతుంది. అలా కాకుండా డైలేటర్ వాడాలి, అంటే యోనిలో కాసేపు పెట్టుకునే నున్నటి కడ్డీలాంటిది. నర్సు దాన్ని చేతికిచ్చి "భార్యాభర్తల కోసం" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయింది. మా ఆయన పోయి చాలాకాలమైంది, నాకెందుకని పక్కన పెట్టేసేదాన్నే. దారి మూసుకుపోతే చెకప్‌లో పైకొసను చూడలేం అని డాక్టరమ్మ చెప్పబట్టి మొదలుపెట్టాను. ఈ మాట అందరికీ ముందే చెప్పాలి. ఒంటరి ఆడవాళ్లకి మరీనూ.

మొదట ఇచ్చింది గట్టి ప్లాస్టిక్‌ది. శుభ్రం చేయడం తేలికే గానీ, చలికాలం పొద్దున్న ప్రాణం పోయేది. సిలికాన్‌ది కొన్నాక హాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నీళ్ల ఆధారిత జెల్ బాగా రాసి, వారానికి రెండు మూడు సార్లు, ఐదు పది నిమిషాలు ఉంచుతాను. సిలికాన్ దానికి సిలికాన్ జెల్ రాయకూడదు, పాడవుతుంది. మొదట్లో కాస్త రక్తం కనిపించేది, అది మామూలేనన్నారు. రక్తం ఎక్కువగా పోయినా, ఆగకపోయినా వెంటనే చూపించుకోవాలి. ఈస్ట్రోజెన్ క్రీములు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడకండి.

లోపలి కరెంటుకి నా ఐదు స్టార్లూ ఇస్తాను. సిలికాన్ డైలేటర్‌కి నాలుగు. కడిగి ఆరబెట్టడానికి పిల్లల కంటపడని చోటు మా రెండు గదుల ఇంట్లో ఇప్పటికీ దొరకలేదు.