చీరాల దిక్కు బీచ్ రిసార్ట్: రూము మంచిగుంది, దారే మూసేసిండ్రు

రూముకు నాలుగు స్టార్లు, తిండికి నాలుగున్నర, రిసార్ట్ కట్టిన తీరుకు రెండంటే రెండే, మొత్తం కలిపి మూడు ఇస్తున్న. పేరు రాస్తలేను, చీరాల బాపట్ల నడుమ కొత్తగ లేసినవాటిల్ల ఒకటి అనుకోండ్రి. వరంగల్‌ల కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సీదా చీరాలల్నే దిగొచ్చు, ఆడికెళ్లి ఆటో. మనకు దగ్గర్ల సముద్రమంటే ఇదే కాబట్టి సెలవులల్ల సగం మంది మనోళ్లే ఉంటరు, పూల్ కాడ హన్మకొండ ముచ్చట్లే వినవడ్డయ్.

తిండి గురించి పెద్దగ చెప్పేదేం లేదు, రొయ్యల వేపుడు, చందువ పులుసు మస్తుగున్నయ్, కారం మన నోటికి సరిపోతది. దుప్పట్లు సాఫ్, ఏసీ ఓకే, స్టాఫ్ పిల్లలు మర్యాదగ మాట్లాడిండ్రు.

ఇగ అసలు సంగతి. రిసెప్షన్‌ల సోఫా మీద రిసార్ట్ లేఅవుట్ ఫ్రేమ్ కట్టించి పెట్టిండ్రు, రంగు రంగులది. రూము రెడీ అయ్యేదాక ఏం తోచక దాన్నే చూసుకుంట కూసున్న. రోడ్డు నుంచి బీచ్ దాక ఒక ఆకుపచ్చ పట్టీ గీసి దాని మీద "పబ్లిక్ యాక్సెస్" అని రాసుంది. మంచిగనే ప్లాన్ చేసిండ్రు కదా అని బయటికొచ్చి ఆ జాగ వెతికితే ఆడ జనరేటర్ షెడ్డు, స్టాఫ్ బండ్ల పార్కింగ్ ఉన్నయ్, ఆ ఎనకాల ఇనుప గేటు, గేటుకు తాళం, మీద "ప్రైవేట్ బీచ్, గెస్టులకు మాత్రమే" అని బోర్డు.

తెల్లారి ఒకామె చేపల గంప నెత్తిన పెట్టుకొని గోడ పొంటి పోతుంటే అడిగిన. "ఇదివరకు సరుగుడు తోటలోంచి ఇటే వచ్చేవాళ్లం బాబూ, ఇప్పుడు ఆ చివర దాకా నడిచి చుట్టు తిరిగి రావాలి" అన్నది. మేనేజర్‌ను అడిగితే "సెక్యూరిటీ కోసం సార్" అన్నడు. ఎవరి నుంచి సెక్యూరిటీ, ఆ చేపలామె నుంచా? పొద్దుగాల ఆమె తెచ్చిన చేపనే కదా మధ్యాహ్నం మన ప్లేట్లకొచ్చేది.

రూల్ ఏం కొత్తది కాదు. 2011 సీఆర్‌జెడ్ (సముద్ర తీరంల ఏం కట్టొచ్చు, ఏం కట్టద్దని చెప్పే కేంద్ర రూల్స్) నోటిఫికేషన్‌ల బీచ్ రిసార్టులకు వేరేగ గైడ్‌లైన్స్ ఉన్నయ్, జనం సముద్రం దాక పోయేతందుకు రెండు రిసార్టుల నడుమ కనీసం 20 మీటర్ల జాగ ఇడ్వాలె, కంచె వేసుకున్నా జనం పోయే దారికి అడ్డం రావద్దు. ఈడ చూస్తే పక్క రిసార్ట్ గోడ, వీళ్ల గోడ ఒకటే. ఎత్తు 9 మీటర్లు దాటద్దు, గ్రౌండ్ ప్లస్ వన్ కన్నా ఎక్కువ కట్టద్దు అని కూడ ఉంది, అది మాత్రం పాటించిండ్రు, అబద్ధం ఎందుకు చెప్పాలె. వంటింటి ఎనక మురికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కూడ నడుస్తుంది, ఆ నీళ్లు కొబ్బరి చెట్లకు పెడ్తుండ్రు, వాసన లేదు. దానికే ఆ రెండు స్టార్లు.

ఇసుక దిబ్బల సంగతే నాకు మింగుడు పడలే. వాటిని చదును చేయద్దని ఆ గైడ్‌లైన్స్‌లనే ఉంది, వీళ్లేమో డోజర్ పెట్టి సాపు చేసి లాన్ వేసిండ్రు, ఆ గడ్డి ఉప్పు గాలికి సగం పసుపు పచ్చ. ఇంకో పక్కన ఖాళీ ప్లాటుల దిబ్బ అట్లనే ఉంది, దాని మీద ఊదా పూల తీగ అల్లుకొని ఇసుకను పట్టుకొని ఉంది, ఆడ ఇసుక కదల్తలేదు. ఈడనేమో రోజూ పొద్దుగాల ఇద్దరు మెట్ల మీద ఇసుక ఊడ్సుడే పని. 2023 డిసెంబర్‌ల మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర్నే తీరం దాటింది, అసొంటిది మళ్లొస్తే అలకు ముందు ఎదురునిలిచేది ఆ దిబ్బనే, లాన్ కాదు.

నీళ్లు కూడ అంతే. చాయ్ తాగి మా అమ్మ "ఇండ్ల ఉప్పేసిండ్రా ఏంది" అన్నది, కెటిల్ అడుగున చూస్తే తెల్లగ పొర కట్టింది. సముద్రం పక్కన భూమిల మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుకుంట ఉంటయ్, బోరేసి ఎక్కువ గుంజితే కింది ఉప్పు పైకొస్తది, అందుకే పోటు గీత (సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్లొచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల లోపల బోరు నీళ్లు తోడద్దు అని ఆ గైడ్‌లైన్స్‌ల అన్నరు. మనం రెండ్రోజులుండి వాపస్ వస్తం, ఊరోళ్ల బావులు ఉప్పైతే వాళ్లేడికి పోవాలె?

రాత్రి సముద్రం మొఖాన ఫ్లడ్ లైట్లు తెల్లందాక ఎలుగుతనే ఉన్నయ్. ఆ తీరంల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడ్తయ్, పిల్లలు ఎలుగు ఎటుంటే అటు నడుస్తయ్, గీ లైట్లకు సముద్రం దిక్కు కాకుండ లాన్ దిక్కొస్తయ్. పది గంటలకు బంద్ చేస్తే కరెంటు బిల్లు కూడ మిగుల్తది.

మన దిక్కు కూడ చెరువుల పొంటి రిసార్టులు మొదలైనయ్. పెద్ద చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర తి నిండితే నీళ్లొచ్చే హద్దు) అవతల 30 మీటర్ల బఫర్ ఇడ్వాలని మనకూ రూల్ ఉంది, బుక్ చేసేటప్పుడు ఫొటోలల్ల నీళ్లకు ఆనుకొని కాటేజీ కనవడ్తే జెర్ర అడగుండ్రి.

పోవాలనుకుంటే ఎనక లైన్ల పై అంతస్తు రూము తీస్కోండ్రి, ముందు లైన్‌కు జనరేటర్ సప్పుడు బాగొస్తది. తాగే నీళ్ల క్యాన్ చీరాలల్నే కొనుక్కొని పోండ్రి, లోపల బాటిల్‌కు డబుల్ రేటు.