సదరం మానసిక వైకల్య పరీక్ష: మా అనుభవం, నా సమీక్ష

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో పదేళ్లకు పైగా మందులు వాడుతున్న మా తమ్ముడి వైకల్య ధ్రువపత్రం కోసం, హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన పరీక్షకు అమ్మ, నేను వాడి వెంట వెళ్లాం. పరీక్ష చేసిన తీరుకు నేను నిండు మార్కులు వేస్తాను. దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లకు సగం మార్కులు కూడా వేయలేను. ఇప్పుడు దరఖాస్తు దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ కోసమే అయినా, మన ఇళ్లలో అందరూ ఈ వైకల్య పరీక్షను ఇంకా పాత పేరుతో సదరం అనే అంటారు కనుక నేనూ ఆ మాటే వాడుతున్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో మానసిక అనారోగ్యం ఒకటి. మేధో వైకల్యం, అంటే బుద్ధిమాంద్యం, వేరు, దాని పరీక్ష వేరు. మానసిక అనారోగ్యాన్ని అంచనా వేయడానికి వాడే కొలమానాన్ని ఐడియాస్ అంటారు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ పునరావాస కమిటీ రూపొందించిన ఈ కొలమానం జబ్బు పేరు దగ్గర ఆగిపోదు, ఆ జబ్బుతో మనిషి రోజు ఎలా గడుస్తోందో అడుగుతుంది. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని బదులివ్వడం, పని చేయడం అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులుంటాయి. పని అంటే ఉద్యోగమే కానక్కర లేదు. ఇల్లు నడిపే ఆడవారికి ఇంటిపనిని, చదువుకునే పిల్లలకు చదువును చూస్తారు. వీటికి జబ్బు ఎంతకాలంగా ఉందన్న దానికి మరో 1 నుంచి 4 మార్కులు కలుపుతారు. మొత్తం 7 నుంచి 13 వరకు వస్తే 40 నుంచి 70 శాతం వైకల్యంగా, 14 నుంచి 19 వస్తే 71 నుంచి 99 శాతంగా లెక్కిస్తారు. తెలంగాణలో నెలకు 4,016 రూపాయల పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి.

ఈ లెక్క తెలిసి వెళ్లినవారికి, తెలియక వెళ్లినవారికి లోపల జరిగే సంభాషణలో చాలా తేడా ఉంటుంది. డాక్టరుగారు ముందు తమ్ముడితోనే మాట్లాడారు. వాడు "నాకేం కాలే మేడం, మంచిగనే ఉన్న" అన్నాడు. తనకు జబ్బు లేదని నమ్మడం ఈ జబ్బులో తరచుగా కనిపించే లక్షణమే కనుక ఆవిడ దాన్ని పట్టుకుని తేల్చేయకుండా అమ్మ వైపు తిరిగారు. అమ్మ కూడా, చుట్టాల ముందు చెప్పినట్టే, "తింటడు, పంటడు, ఎవ్వరినీ ఏమనడు" అంది. ఇన్నేళ్లుగా కొడుకు పరువు కాపాడుతూ వచ్చిన తల్లి నోట ఇంకో మాట అంత తేలిగ్గా రాదు. అప్పుడు డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి: స్నానానికి ఎవరు లేపుతారు, ఎన్నిసార్లు చెప్పాలి, పాలప్యాకెట్ తెమ్మని ఐదు వందల నోటు ఇస్తే చిల్లర లెక్క చూసుకుని తెస్తాడా, ఇంటికి ఎవరైనా వస్తే బయటికి వస్తాడా, గోలీలు తనే తీసుకుంటాడా. ఒక్కొక్క ప్రశ్నకు అమ్మ గొంతు మారుతూ వచ్చింది. చెప్పకపోతే వారం రోజులైనా ఒంటి మీద చొక్కా మార్చడని చివరికి తనే చెప్పింది. తొందర పెట్టకుండా, తమ్ముణ్ణి చిన్నబుచ్చకుండా ఆ నిజాన్ని బయటికి తెచ్చిన ఓపిక నేను ఏ ప్రైవేటు క్లినిక్‌లోనూ చూడలేదు.

అందుకే వెళ్లేముందు ఇంట్లో ఒక కాగితం రాసుకోండి. గత నెల రోజుల్లో ఏ పని తనంతట తాను చేశారు, ఏది చెబితే చేశారు, ఏది చెప్పినా చేయలేదు అన్నది తేదీలతో, ఉన్నది ఉన్నట్టు రాయండి. రోజూ దగ్గరుండి చూసేవారే వెంట వెళ్లాలి. ఇంగ్లీషు బాగా వచ్చని దూరపు బంధువును పంపితే ఈ ప్రశ్నలకు జవాబు ఉండదు. చాలామంది పారేసే మొదటి మందుల చీటీ ఇక్కడ అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే జబ్బు పదేళ్లు దాటిందని చూపించేది అదే, ఆ ఒక్క ఆధారంతోనే జబ్బు కాలానికి ఉన్న పూర్తి 4 మార్కులు వస్తాయి. ఆసుపత్రిలో చేర్పించి ఉంటే డిశ్చార్జి కాగితాలు కూడా పట్టుకెళ్లండి. ఆధార్, ఫొటోల సంగతి అందరికీ తెలిసిందే.

ఇక ఏర్పాట్ల విషయం. కిక్కిరిసిన వరండాలో, పేర్లు గట్టిగా పిలుస్తున్న చోట, తన గురించే అందరూ మాట్లాడుకుంటున్నారని భయపడే మనిషిని గంటల తరబడి కూర్చోబెట్టడం అన్యాయం. ఇలాంటి వారికి విడిగా ఒక గది, ఒక సమయం కేటాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. గేటు బయట ఒక దళారి మమ్మల్ని ఆపి, "లోపల జర పిచ్చిపిచ్చిగ మాట్లాడమనండి అక్కా, పర్సెంటేజీ నేను చూసుకుంట" అన్నాడు. అలాంటివారికి రూపాయి కూడా ఇవ్వకండి. అబద్ధమాడితే పాత కాగితాలతో పొసగక నిజంగా ఉన్న కష్టం మీదే అనుమానం వస్తుంది. పైగా, నిజంగా బాధపడుతున్న మనిషిని పిచ్చి నటించమనడం కన్నా అవమానం లేదు. మన ఊళ్లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి ఎగతాళి చేసే అలవాటు వల్లే ఎన్నో కుటుంబాలు హక్కుగా రావలసిన పింఛను వద్దనుకుని ఇంట్లో కూర్చుంటున్నాయి. దయచేసి మీరు అలా ఆగిపోకండి.

ఇచ్చిన శాతం సరికాదనిపిస్తే అప్పీలుకు వెళ్లే హక్కు చట్టంలోనే ఉంది. మా తమ్ముడికి వచ్చింది గడువున్న పత్రం కనుక మళ్లీ పరీక్షకు వెళ్లాలి. దానికోసం ప్రతి నెలా మందుల చీటీని ఫోనులో ఫొటో తీసి, అసలు కాగితాన్ని ఒకే ఫైలులో పెడుతున్నాం. రోజువారీ సంగతులు రాసే పని ఇప్పుడు అమ్మే చూసుకుంటోంది.